తెర మీద సున్నా

నేను ఇరవై ఎనిమిదేళ్ళు చేసిన పని ఏమిటో మా ఇంట్లోవాళ్ళకి ఎన్నడూ సరిగ్గా చెప్పలేకపోయాను. మల్కాపురంలో ఉండే మా అక్క భర్త ట్రైలర్ డ్రైవరు. పోర్టు నుంచి ఇనుప కంటైనర్లు మోసుకెళ్ళడం ఆయన పని. మా ఆఫీసులో ఇప్పుడు అన్నీ కంటైనర్లలోనే పెడుతున్నామని ఒకసారి భోజనాల దగ్గర అన్నాను. ఆయన అన్నం కలుపుతూ ఆగి, "మీ ఆఫీసు మేడ మీద కదేటి, కంటైనరు ఎలాగెక్కించినారు?" అని అడిగాడు. మా అక్క నవ్వాపుకోలేకపోయింది. నేను వివరించబోయి, పప్పు చల్లారుతోందని వదిలేశాను.

ఇప్పుడు తీరిక దొరికింది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళ కోసం రాస్తున్నాను. నా జీతం, నా హోదా, ఏ ఏడాది ఏం కొన్నాం, ఇవేవీ ఇందులో ఉండవు. నన్ను మార్చినవి రెండు సంగతులు. మొదటిది చిన్నది. రెండోది చిన్నది కాదు.

గేటు దగ్గర రెండు గంటలు

మా ఆఫీసు వన్ టౌన్‌లో ఉల్లిపాయల హోల్‌సేల్ కొట్టు మీద. చలపతి గారు పెట్టిన చిన్న కంపెనీ. ఎప్పుడూ పది పన్నెండు మందికి మించి లేము. లారీల గేట్ పాసులు, గోడౌన్లలో సరుకు వివరాలు, ఇలాంటివాటికి ప్రోగ్రాములు తయారుచేసి ఇచ్చేవాళ్ళం. ప్రోగ్రాము రాయడం వేరేవాళ్ళ పని. రాసినదాన్ని కస్టమరు సర్వర్ మీద పెట్టి, నడిచేలా చూసి, నడుస్తూనే ఉండేలా చూడడం నా పని. దీన్ని డిప్లాయ్‌మెంట్ అంటారు. పేరు పెద్దదే గానీ, ఆ రోజుల్లో అదంతా చేత్తో చేసేదే. పద్నాలుగు పేజీల కాగితాలు పక్కన పెట్టుకుని ఒక్కొక్క మెట్టూ చేసి, పెన్సిలుతో టిక్కు పెట్టుకునేదాన్ని.

ఒకసారి ఒక యార్డులో గేట్ పాసుల ప్రోగ్రాము కొత్తగా పెట్టాను. రెండు పేజీలు అంటుకుపోయి తిరిగాయి కాబోలు, మధ్యలో ఒక మెట్టు తప్పింది. పొద్దున గేటు తెరిచాక పాసులు ప్రింటు కాలేదు. లారీలు రోడ్డు మలుపు దాకా నిలిచిపోయాయి. నేను చలపతి గారికి ఫోన్ చేసి, మన ఆఫీసులో బాగానే నడిచింది సార్ అన్నాను. ఆయన ఫోన్ పెట్టేశారు. అరగంటలో స్కూటర్ మీద వచ్చి, కార్బన్ పేపరు పెట్టిన పాసుల పుస్తకం ఒకటి నా చేతికిచ్చి, అది బాగయ్యేదాకా మీరిక్కడ నిలబడి చేత్తో రాయండి అన్నారు. ఆఫీసులో మరొకతను తప్పు వెతికాడు. నేను రెండు గంటలు ఎండలో నిలబడి పాసులు రాశాను.

వరసలో ఉన్న డ్రైవర్లలో ఎవరూ నన్ను తిట్టలేదు. "మా వంతు ఎప్పుడొత్తాదమ్మా?" అని మాత్రం అడిగారు. ఇరవై మంది అడిగి ఉంటారు. అప్పటిదాకా నాకు సిస్టమ్ ఆగిందంటే తెర మీద ఎర్ర అక్షరాలే. ఆ రోజు తర్వాత, సిస్టమ్ ఆగిందంటే ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట నిలబడి ఉన్నారని అర్థమైంది. చలపతి గారు మంచి బాసా కాదా అంటే చెప్పలేను. జీతం పెంచమంటే వినిపించనట్టు ఉండేవారు. కానీ తప్పు చేసినవాళ్ళని ఆ తప్పు పక్కనే నిలబెట్టడం ఆయనకి తెలుసు. అరిచే బాసుల దగ్గర మనం దాచడం నేర్చుకుంటాం. ఆయన దగ్గర నాకు దాచే అలవాటు రాలేదు.

మూట

కంటైనర్లు వచ్చాక ఆ పద్నాలుగు పేజీలు పోయాయి. ప్రోగ్రాము ఒక్కటే తీసుకెళ్ళకుండా, అది నడవడానికి కావలసిన సరంజామా అంతా కలిపి ఒకే మూటగా కడతాం. ఆ మూట ఆఫీసు కంప్యూటర్లో ఎలా విప్పుకుంటుందో, కస్టమరు సర్వర్ మీద కూడా అలాగే విప్పుకుంటుంది. కొత్త వెర్షన్ వచ్చిందంటే పాత కంటైనర్‌ని మరమ్మతు చేయం. తీసి పారేసి కొత్తది పెడతాం. నిమిషంలో అయిపోతుంది.

ఇది నేర్చుకునేటప్పటికి నాకు యాభై దాటాయి. నేర్పింది ప్రవీణ. కంచరపాలెం పిల్ల, మా వీధికి రెండు వీధుల అవతల. కాలేజీ నుంచి తిన్నగా మా దగ్గరికి వచ్చింది. ఓపిక ఉన్న మనిషి. నేను ఒకే ప్రశ్న మూడుసార్లు అడిగినా మూడుసార్లూ మొదటిసారి విన్నట్టే జవాబు చెప్పేది.

నా అభిప్రాయం దాచను. కంటైనర్లు మా పనిని తేలిక చేశాయి. తేలికైన పనిలో మనిషి చేతులు ఎంత వేగంగా కదులుతాయో, కళ్ళు అంత తక్కువ చూస్తాయి. పద్నాలుగు పేజీల రోజుల్లో నేను భయపడుతూ పనిచేసేదాన్ని. ఒక్క కమాండ్‌తో పని అయిపోయే రోజుల్లో ఆ భయం పోయింది. పోవాల్సింది కాదు.

బోట్ల రిజిస్టరు

ఫిషింగ్ హార్బరులో బోటు యజమానుల సంఘం ఒకటి మా దగ్గరికి వచ్చింది. వేటకు వెళ్ళే ప్రతి బోటూ వెళ్ళేముందు సంఘం ఆఫీసులో పుస్తకంలో పేర్లు రాయించి వెళ్ళాలి. బోటు పేరు, ఎవరెవరు ఎక్కారు, ఎటువైపు, ఎన్ని రోజులు. తిరిగొచ్చాక ఆ వరస కొట్టేయాలి. గాలివాన వస్తుందని తెలిసినప్పుడు సముద్రంలో ఎవరున్నారో చెప్పేది ఆ పుస్తకమే. అది ఫోన్లో రాసుకునే వీలు కావాలని సంఘం కార్యదర్శి అప్పన్న గారు అడిగారు. ఆయనకి అరవై దాటాయి. ఒకప్పుడు తానూ వేటకు వెళ్ళినవారే, మోకాలు పాడై ఒడ్డున ఉండిపోయారు.

ప్రవీణ చక్కటి వెబ్ అప్లికేషన్ తయారుచేసింది. వెళ్ళేటప్పుడు ఒక బటను, వచ్చాక ఒక బటను. పై వరసలో పెద్ద అంకెలతో "వేటలో ఉన్న బోట్లు" అని ఒక సంఖ్య. దాన్ని కంటైనర్‌లో పెట్టి సర్వర్ మీద నిలబెట్టింది నేను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, ఇదే కథకి మూలం. కంటైనరు లోపల రాసినదేదైనా ఆ కంటైనర్‌ని తీసి పారేస్తే దాంతోపాటే పోతుంది. పోకూడని సమాచారాన్ని బయట, సర్వర్ డిస్కు మీద ఒక ఫోల్డర్‌లో ఉంచి, ఆ ఫోల్డర్‌ని కంటైనర్‌కి తగిలించాలి. దాన్ని వాల్యూమ్ అంటారు. మొదటి వారంలో నేర్చుకునే పాఠం. నేనూ తగిలించాను. కాకపోతే ప్రోగ్రాము సమాచారం రాస్తున్నది కంటైనరు లోపల ఒక చోట, నేను తగిలించింది ఇంకో చోట. రెండిటి పేరూ "డేటా" అనే ఉంది. నేను పేరు చూశాను, ఆ ఫోల్డరు ఎక్కడుందో చెప్పే దారి చూడలేదు.

ఎనిమిది నెలలు కొత్త వెర్షన్ పెట్టే పని పడలేదు, ఏమీ తెలియలేదు. సర్వర్ రెండుసార్లు ఆగి లేచింది కూడా. ఆపి మళ్ళీ మొదలుపెడితే లేచేది అదే కంటైనరు. లోపల రాసినది లోపలే ఉంటుంది. నేను పెట్టిన బ్యాకప్ కూడా రోజూ నడిచేది. "విజయవంతంగా పూర్తయింది" అని రోజూ మెయిల్ వచ్చేది. అది రోజూ కాపీ తీస్తున్నది నేను తగిలించిన ఆ ఖాళీ ఫోల్డర్‌ని. రెండు వందల పైచిలుకు మెయిళ్ళు వచ్చాయి. ఒక్క బ్యాకప్‌ని తెరిచి చూసిన పాపాన పోలేదు.

పొద్దున తొమ్మిదిన్నర

బంగాళాఖాతంలో అల్పపీడనం బలపడుతోందని కబురొచ్చింది. ముందురోజు అప్పన్న గారు ఫోన్ చేసి, వేటలో ఉన్నవాళ్ళ పేర్లు, నెంబర్లు ఒకే కాగితం మీద ప్రింటు తీసుకునేలా ఒక బటను పెట్టమన్నారు. ప్రవీణ సాయంత్రానికల్లా రాసేసింది. మర్నాడు పొద్దున తొమ్మిదిన్నరకి నేను కొత్త వెర్షన్ పెట్టాను. పాత కంటైనరు తీసేశాను. డిస్కు చిన్నది కాబట్టి పాతవన్నీ శుభ్రంగా తుడిచేసే అలవాటు నాది, అదీ చేశాను. పేజీ తెరుచుకుంది. కొత్త బటను కనబడింది. నేను చూసింది ఆ బటనునే. ఫోన్ చేసి, పెట్టేశానండీ చూసుకోండి అని చెప్పాను.

పది నిమిషాలకి ఆయన తిరిగి ఫోన్ చేశారు. గొంతులో కంగారు లేదు. పైగా తేలికపడినట్టుంది.

"సున్నా అని వత్తంది మేడమ్. నిన్న సాయంత్రం కొన్ని బోట్లు ఒచ్చీసినాయి, మిగతావీ రేత్రి ఒచ్చీసుంటాయి. ఫిషరీస్ ఆఫీసరు గారు లైన్లో ఉన్నారు, ఎన్ని బోట్లు బయటున్నాయని అడుగుతన్నారు. సున్నా అని సెప్పీమంటారా?"

నా చెయ్యి మౌసు మీదే ఉంది. తెర మీద పెద్ద అంకెలతో, చక్కటి నీలిరంగులో సున్నా. ప్రోగ్రాము పాడైతే పాడైనట్టు కనబడాలి. అది పాడైనట్టు లేదు. శుభవార్త చెబుతున్నట్టుంది.

చెప్పొద్దన్నాను. సమాచారం పోయింది, తప్పు నాది, సున్నా అన్నది నిజం కాదు అన్నాను. ఆ మూడు ముక్కలూ చెప్పడానికి ఎంత గాలి కావాలో ఇప్పటికీ గుర్తుంది. ఆయన సరేనని పెట్టేశారు.

ప్రవీణ బ్యాకప్ ఫోల్డరు తెరిచింది. ఫైళ్ళన్నీ తేదీల వారీగా ఉన్నాయి. అన్నీ ఒకే సైజు, ఉత్త సంచి బరువు. నేను చలపతి గారి గదిలోకి వెళ్ళి నిలబడే అంతా చెప్పాను. ఆయన ఎలా జరిగిందని అడగలేదు.

"మనకి తెలియదన్న సంగతి వాళ్ళకి తెలుసా?" అని అడిగారు.

అప్పన్న గారికి చెప్పానన్నాను. ఆఫీసరుకి? నేరుగా చెప్పలేదన్నాను. ముందు ఆ పని చేసి, తర్వాత హార్బరుకి వెళ్ళండి అన్నారు. ఆఫీసరుకి ఫోన్ చేసి చెప్పి, ఆటో ఎక్కాను. ప్రవీణ ఆఫీసులోనే ఉండిపోయింది, ఏదైనా మిగిలిందేమో వెతకడానికి.

నీళ్ళ పక్కన రాసిన జాబితా

సంఘం ఆఫీసు ముందు పదిహేనుమంది దాకా ఉన్నారు. అందరిలోకీ ముందు నా దగ్గరికి వచ్చింది నూకరత్నం. యాభై ఏళ్ళుంటాయి. చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఆ జెట్టీ మీదే. ఆమె అల్లుడు వేటలో ఉన్నాడు. ఆ మాట ఆమె నాకు చెప్పలేదు, తర్వాత అప్పన్న గారు చెప్పారు.

నేను మళ్ళీ మొదటినుంచి తప్పు ఒప్పుకోబోతే ఆమె విననేలేదు. నా భుజానికున్న సంచిలో పుస్తకం ఉందా అని అడిగింది. ఉందన్నాను. జెట్టీ చివరి నుంచి నడవడం మొదలుపెట్టింది. నేను వెనకాల.

జెట్టీకి ఏ బోటు ఎక్కడ కడతారో వాళ్ళకి అలవాటు. ఆమె కట్టి ఉన్న బోట్లని చూడడం లేదు. మధ్యలో ఖాళీగా ఉన్న నీళ్ళని చూస్తోంది.

"ఏటి సూత్తన్నావ్, రాసుకో. ఇక్కడ అప్పలరాజు బోటుండాల. నేదు. ఆ పక్కది మా మరిదిది, అదీ నేదు. ఇదుగో ఈ సందులో రెండు, అన్నదమ్ములవి."

నేను నడుస్తూనే రాశాను. బోటు పేరు ఆమె చెబితే, అందులో ఎవరెవరు వెళ్ళారో చుట్టూ చేరిన ఆడవాళ్ళు చెప్పారు. తప్పుగా ఒక పేరు రాస్తే నాలుగు గొంతులు దిద్దాయి. ఎనిమిది నెలలుగా ఈ వివరాలన్నీ నా సర్వర్ మీద ఉన్నాయని నేననుకున్నాను. అవి ఎప్పుడూ ఇక్కడే ఉన్నాయి. జెట్టీ ఈ చివర నుంచి ఆ చివరికి వచ్చేసరికి నా పుస్తకంలో ఇరవై ఆరు బోట్లున్నాయి. సంఘం ఆఫీసులో వైర్‌లెస్ సెట్టు దగ్గర అప్పన్న గారు కూర్చుని ఒక్కొక్క పేరూ పిలవడం మొదలుపెట్టారు. దూరంగా ఉన్నవాళ్ళకి దగ్గరున్న బోటు కబురు అందించేది.

ఇరవై ఏడు

అప్పుడే ప్రవీణ ఫోన్ చేసింది. పోయిన సమాచారం దొరకలేదు. కానీ కంటైనరు బయట, సర్వర్‌కి వచ్చిపోయే ప్రతి పిలుపునీ రాసుకునే ఒక చిట్టా ఉంటుంది. అందులో పేర్లు లేవు గానీ, మొదటిరోజు నుంచీ వెళ్ళే బటను ఎన్నిసార్లు నొక్కారో, వచ్చే బటను ఎన్నిసార్లు నొక్కారో ఉంది. తీసివేస్తే ఇరవై ఏడు.

మా జాబితాలో ఇరవై ఆరు. అప్పన్న గారు తల తిప్పి నావైపు చూశారు. ఆఫీసరుకి ఏ సంఖ్య చెప్పాలి?

ఇప్పుడు నేను చెప్పబోయేది నా మొదటి తప్పు కంటే పెద్దది. మొదటిది చూపు తప్పింది. ఇది అలా కాదు. ఎవరో ఒకే బటను రెండుసార్లు నొక్కి ఉంటారు, ఇరవై ఆరే సరైన సంఖ్య అన్నాను. ప్రవీణ ఫోన్లోనే ఉంది. రెండుసార్లు నొక్కితే పేజీ రెండోసారి పంపదు కదా మేడమ్ అని మెల్లిగా అంది. ఆ ఏర్పాటు రాసింది ఆమే. ఒక్కోసారి పంపుతుంది, నాకు తెలుసు అన్నాను. నాకు తెలియదు. నూకరత్నం జెట్టీ అంతా నడిచి చెప్పింది, నా పుస్తకం నిండింది, అప్పటికి నాకు కాస్త ఊపిరి ఆడుతోంది. ఆ ఒక్క అంకె కోసం మళ్ళీ మొదలుపెట్టాలని లేదు. అందుకే అలా అన్నాను.

మర్నాడు మధ్యాహ్నానికి ఇరవై ఆరు బోట్లూ ఒడ్డుకి చేరాయి. నూకరత్నం అల్లుడు దిగగానే ఆమె అతని వైపు ఒకసారి చూసి, వల మడత పెట్టమని కసురుకుంది. నేను ఆఖరి పేరు కొట్టేసి, పుస్తకం మూసి, టీ తాగాను. నా జీవితంలో అంత రుచైన టీ తాగలేదనుకున్నాను.

మూడు గంటలప్పుడు, వాన మొదలయ్యాక, ఇరవై ఏడో బోటు వచ్చింది.

అది ఈ హార్బరుది కాదు. పక్క ఊరి నుంచి ఇంజను బాగుచేయించుకోవడానికి వచ్చి, పని అయ్యాక ఇక్కడినుంచే వేటకి వెళ్ళింది. దానికి జెట్టీలో సొంత చోటు లేదు కాబట్టి నూకరత్నం కంటికి ఖాళీ కనబడలేదు. బోటు నాయకుడి పేరు దానయ్య. పద్ధతి ప్రకారం ఫోన్లో పేర్లన్నీ ఎక్కించి మరీ వెళ్ళాడు. అతని వైర్‌లెస్ సెట్టు పలకడం లేదు. పక్కన ఉన్న బోట్లు కబురందించేవే గానీ, అతన్ని వెతకమని ఎవరూ చెప్పలేదు. ఆకాశం చూసి తనే తిరిగాడు, ఆలస్యంగా. వల కోసి సముద్రంలో వదిలేసి వచ్చారు. ఒకతని మణికట్టు విరిగింది.

దానయ్య తడిబట్టలతోనే సంఘం ఆఫీసులోకి వచ్చాడు.

"పేర్లు ఎక్కించే ఎల్లినాం. ఎవలూ పిలవనేదేటి?" అని అప్పన్న గారిని అడిగాడు.

అప్పన్న గారు జవాబు చెప్పబోతుంటే నేను లేచాను. సమాచారం నా వల్ల పోయిందని చెప్పాను. తర్వాత లెక్కలో ఒకటి తేడా వచ్చిందనీ, దాన్ని నేను కొట్టిపారేశాననీ కూడా చెప్పాను. రెండోది చెప్పకపోయినా ఆ గదిలో ఎవరికీ తెలిసేది కాదు. అప్పన్న గారు కూడా మరిచిపోయి ఉండేవారు.

అతను నావైపు చాలాసేపు చూశాడు. కోపంగా కాదు, అర్థం చేసుకోవడానికి చూస్తున్నట్టు.

"ఒకటి తక్కువైందని తెలుసు," అన్నాడు.

"తెలుసు."

"ఒకటి కాదమ్మా. ఆరుగురం."

అంతే అన్నాడు. విరిగిన చెయ్యి ఉన్న మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్ళాలని బయటికి వెళ్ళిపోయాడు. నేనూ వెళ్ళాను. కట్టు కట్టేదాకా బయట బల్ల మీద కూర్చున్నాం. ఆ మిగిలిన అయిదుగురి పేర్లూ అప్పుడు అడిగి తెలుసుకున్నాను. ఇప్పటికీ చెప్పగలను.

తర్వాత చేసినవి

సంఘం మీటింగులో సగంమంది మళ్ళీ పుస్తకానికే పోదామన్నారు. వాళ్ళ మాటలో న్యాయం ఉంది, నేను వాదించలేదు. చివర్న నూకరత్నం లేచింది. ఆమె సంఘంలో సభ్యురాలు కాదు, అయినా ఆపినవాళ్ళు లేరు.

"పుస్తకమైతే తడిసిపోద్ది, ఇదైతే మాయమైపోద్ది. రెండూ ఉంచండి," అని కూర్చుంది.

అలాగే చేశాం. రోజూ సాయంత్రం జాబితా ప్రింటు తీసి గోడకి అంటించడం మొదలైంది. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కాగితం ఉందని కంప్యూటరుకి చిన్నతనం ఉండదు.

సర్వర్ వైపు కొన్ని పనులు మారాయి. కొత్త వెర్షన్ పెట్టేముందు ఒక ఉత్తుత్తి బోటు పేరు ఎక్కిస్తాం. కంటైనర్‌ని కావాలనే తీసి పారేసి, మళ్ళీ పెట్టి, ఆ పేరు ఉందా లేదా చూస్తాం. ఉంటేనే అసలు పని. పాతదాన్ని వారం దాకా తుడవం. నెలకోసారి బ్యాకప్‌ని వేరే సర్వర్ మీద విప్పి, ఆ రోజు గోడమీది కాగితంతో పోలుస్తాం. విప్పి చూడని బ్యాకప్ ఉన్నట్టు లెక్క కాదు. సమాచారం దొరకనప్పుడు తెర మీద ఇక సున్నా రాదు. "వివరాలు అందడం లేదు, ఆఫీసుకి ఫోన్ చేయండి" అని ఎర్రగా వస్తుంది. ఆ ఒక్క వాక్యం రాయడానికి ప్రవీణకి పావుగంట పట్టింది. మొదట్లోనే ఆ పావుగంట పెట్టి ఉంటే అని చాలాసార్లు అనుకున్నాను.

ప్రవీణకి నేను క్షమాపణ చెప్పుకున్నాను. నువ్వు చెప్పింది నిజం, నేను వినలేదు అన్నాను. నేను ఇంకోసారి గట్టిగా చెప్పాల్సింది మేడమ్ అంది. అది నాకు ఇంకా బాధేసింది. పాతికేళ్ళ అనుభవం ఉన్న మనిషి "నాకు తెలుసు" అంటే, మూడేళ్ళ అనుభవం ఉన్న పిల్ల రెండోసారి ఎందుకు మాట్లాడుతుంది? అప్పటినుంచీ మా ఆఫీసులో పెట్టేవాళ్ళు ఒకరు, చూసేవాళ్ళు ఇంకొకరు. చూసేవాళ్ళకి అనుమానం వస్తే పని ఆగుతుంది, ఎవరు చెప్పినా సరే. చలపతి గారు దానికి ఒక్క మాట కూడా అడ్డు చెప్పలేదు.

మీలో చాలామందికి కంటైనర్లు నాకంటే బాగా తెలుసు. నేను చెప్పగలిగింది వేరే. లెక్కలో తేడా వస్తే, దానికి మీకు వెంటనే ఒక మంచి కారణం తోస్తే, ఆ కారణాన్ని అనుమానించండి. మనకి సుఖంగా ఉండే కారణాలే ముందు తోస్తాయి.

దానయ్య బోటు ఆ తర్వాత కూడా మా జాబితాలో చాలాసార్లు కనబడింది. అతను నాతో ఎక్కువ మాట్లాడేవాడు కాదు. రెండేళ్ళ తర్వాత ఒకసారి, వాళ్ళ ఊళ్ళో కూడా ఇలాంటిది పెట్టగలరా అని అప్పన్న గారి చేత అడిగించాడు. నేనూ ప్రవీణా వెళ్ళి పెట్టి వచ్చాం. ఆ రోజు అతను మాకు భోజనం పెట్టించి, తను ఎదురుగా కూర్చోకుండా బయట నిలబడ్డాడు. అది చాలు.

సోమవారం

నేను శుక్రవారం రిటైరయ్యాను. బోట్ల రిజిస్టరుకి పెద్ద మార్పులతో కొత్త వెర్షన్ తయారుగా ఉంది. అది నా చేత్తో పెట్టి వెళ్తే బాగుంటుందని నాకు లోపల ఉంది. ప్రవీణ ఒప్పుకోలేదు. శుక్రవారం పెట్టకూడదని మీరే కదా మేడమ్ నేర్పారు, సోమవారం మేం పెడతాం అంది. పెట్టేది తను, చూసేది కొత్తగా చేరిన హేమ. నా పేరు ఎక్కడా లేదు.

సోమవారం పొద్దున తొమ్మిదికే స్నానం చేసి, ఫోన్ వంటింటి గట్టు మీద పెట్టుకున్నాను. ఎవరైనా ఏదైనా అడుగుతారేమోనని పాత నోట్సు కూడా దగ్గర ఉంచుకున్నాను. పది దాటింది. పదకొండు దాటింది. ఫోన్ మోగలేదు. రెండుసార్లు చేద్దామని తీసి మళ్ళీ పెట్టేశాను. వంజరం ముక్కలకి ఉప్పూ కారం పట్టించి, పులుసు పొయ్యి మీద పెట్టాను.

పన్నెండున్నరకి ఇక ఉండలేక ఫోన్లో ఆ పేజీ తెరిచాను. అట్టడుగున చిన్న అక్షరాల్లో కొత్త వెర్షన్ నెంబరు ఉంది. మారిపోయింది. ఎప్పుడు మారిందో తెలియదు, చింతపండు పిసుకుతున్నప్పుడై ఉండొచ్చు. పై వరసలో వేటలో ఉన్న బోట్లు ముప్ఫై ఒకటి. నేను చూస్తుండగానే ముప్ఫై రెండయింది. ఎవరో ఇప్పుడే పేర్లు ఎక్కించి బయల్దేరారన్నమాట. వాళ్ళకి పొద్దున ఏదో మారిందని తెలియనే తెలియదు.

నాకు కాస్త చివుక్కుమన్న మాట నిజం. అది ఎంతోసేపు లేదు. ఫోన్ బోర్లించి పక్కన పెట్టి, పొయ్యి కట్టేసి, వేడి అన్నంలో పులుసు పోసుకుని కూర్చున్నాను.